ఖరీదైన వాచీ మీద గీత పడిందా? ముందు ఆ పాలిష్ గుడ్డ పక్కన పెట్టండి

కొత్త వాచీ మీద మొదటి గీత పడగానే అందరం చేసే పని ఒకటే. చొక్కా అంచుతో తుడుస్తాం, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తాం, మళ్లీ తుడుస్తాం, అది పోకపోయేసరికి ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతాం, ఇంకో పది నిమిషాల్లో ఏదో ఒక పాలిష్ గుడ్డ ఆర్డర్ పెట్టేసి ఉంటాం. అసలు గీత వల్ల పాడైన వాచీలకంటే ఆ గుడ్డ వల్ల పాడైనవే ఎక్కువ చూశాను. అందులో ఒకటి నాదే, ఆ సంగతి కింద చెప్తాను.

అందుకే మొదటి మాట: వారం రోజులు దాని జోలికి వెళ్లకండి. వాచీ రోజూ పెట్టుకోండి, మామూలుగా తిరగండి. వారం తర్వాత కూడా చెయ్యి చాచి టైమ్ చూసుకునే దూరంలో ఆ గీత కంటికి గుచ్చుకుంటుంటే అప్పుడు ఏం చేయాలో ఆలోచిద్దాం. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి, ఎందుకంటే ఈలోపు దాని పక్కన ఇంకో మూడు గీతలు పడి ఉంటాయి, మొదటిది ఎక్కడుందో మీకే దొరకదు. సరదాకి అనడం లేదు. ఒంటరిగా ఉన్న ఒక్క గీత కనిపించినంతగా వంద సన్న గీతలు కనిపించవు.

ఎందుకింత ఆపుతున్నానంటే, పాలిష్ అంటే గీతని పూడ్చడం అని చాలామంది అనుకుంటారు. కానే కాదు. గీత అంటే మెటల్‌లో పడ్డ సన్నటి కాలవ. అది కనబడకుండా పోవాలంటే దాని చుట్టూ ఉన్న మెటల్ అంతటినీ ఆ కాలవ అడుగు దాకా అరగదీయాలి. పోయిన మెటల్ తిరిగి రాదు. ఒక కేస్, అంటే వాచీ మెషిన్‌ని కప్పి ఉంచే బయటి మెటల్ డబ్బా, తన జీవితకాలంలో ఇలాంటి పాలిష్‌లు కొన్నే తట్టుకుంటుంది, ఆ లెక్కలో ఒకటి మీరు మొదటి నెలలోనే, వెంట్రుకవాసి గీత కోసం ఖర్చుపెట్టేస్తారా?

అసలు అది గీతేనా?

ఇది తప్పకుండా చూసుకోవాలి. ఒకసారి నా వాచీ సిరామిక్ బెజెల్ (గ్లాస్ చుట్టూ ఉండే రింగు) మీద గోరంత పొడవున తెల్లటి గీత కనబడింది. గుండె గుభేలుమంది. సిరామిక్ మీద గీతలు పడవంటారు కదా, ఇదెక్కడి ఖర్మ అనుకున్నాను. తడిగుడ్డతో పోలేదు, సబ్బు నీళ్లతోనూ పోలేదు. చివరికి పెన్సిల్ వెనకాల ఉండే మామూలు మెత్తటి రబ్బరు తీసుకుని ఒక ఇరవై సార్లు రుద్దితే, రబ్బరు అంచు బూడిద రంగుకి మారింది, గీత మాయమైంది. జరిగిందేమిటంటే తలుపు పిడికి వాచీ తగిలింది, గట్టిదైన సిరామిక్ మెత్తదైన పిడిని గీరింది, పిడి మెటల్ కొంచెం ఊడి బెజెల్‌కి పూతలా అంటుకుంది. దెబ్బ తగిలింది తలుపుకి, టెన్షన్ పడింది నేను.

సఫైర్ గ్లాస్ (కృత్రిమ నీలమణితో చేసే గట్టి అద్దం) మీద కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి సిరామిక్ బెజెల్ మీదా, సఫైర్ మీదా ఏ గీత కనబడినా ముందు రబ్బరు ప్రయత్నించండి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వద్దు, అందులో ఇసుకలాంటి పొడి ఉంటుంది. అల్యూమినియం బెజెల్ ఉన్న పాత మోడళ్ల మీద ఈ పని చేయకండి, అక్కడ రంగు పైపైనే ఉంటుంది, గీతతో పాటు రంగూ పోతుంది.

రబ్బరుతో పోకపోతే అప్పుడు గోటి పరీక్ష. గోరుని గీతకి అడ్డంగా, మెల్లగా, బరువు పెట్టకుండా లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతే అది పైపై గీత. టక్కున ఆగితే లోతైనది, దాన్ని ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేరు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారే, ఇక్కడ ఆ గోరే కొలబద్ద.

గ్లాస్ మీద అయితే

ముందు మీ వాచీ గ్లాస్ ఏమిటో తెలుసుకోండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఇప్పటి ఖరీదైన వాచీలన్నిటిలో దాదాపు సఫైరే ఉంటుంది. ఏది దేన్ని గీరగలదో చెప్పే మోస్ స్కేల్ మీద సఫైర్ గట్టిదనం 9, వజ్రం 10, మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. అంటే ఇసుక కూడా దాన్ని గీరలేదు, కానీ పక్కన పెట్టిన వజ్రపు ఉంగరం గీరగలదు. రెండూ ఒకే డబ్బాలో పడేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. గట్టిది కదా అని పగలదనుకోకండి, అంచు మీద సరైన కోణంలో దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. సఫైర్ నిజంగా గీరుకుపోతే పాలిష్ చేయించే ఆలోచన పెట్టుకోకండి, దానికి వజ్రపు పొడి పేస్ట్, బోలెడంత ఓపిక కావాలి, అందుకే దాదాపు ఎవరైనా గ్లాస్ మార్చేయడమే చేస్తారు. మార్చినప్పుడు గ్యాస్కెట్ (సందు మూసే రింగు) కూడా కొత్తది వేసి, నీళ్లు లోపలికి పోకుండా ప్రెషర్ టెస్ట్ చేశారో లేదో అడగండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని వాచీలకి సఫైర్ పైవైపున కూడా మెరుపు తగ్గించే కోటింగ్ ఉంటుంది. ఆ కోటింగ్ సఫైరంత గట్టిది కాదు. పక్క నుంచి చూస్తే నీలంగానో ఊదాగానో మెరిసే పొర మీద వెంట్రుకల్లాంటి గీతలు కనబడితే, దెబ్బ తిన్నది కోటింగే అయి ఉంటుంది, గ్లాస్ బానే ఉండొచ్చు. పైకోటింగ్ మొత్తం తీసేయించుకున్నవాళ్లు ఉన్నారు, కాస్త ఎక్కువ మెరుస్తుంది గానీ గీతల గోల ఉండదు. అయితే అది పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

యాక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) అయితే కథ వేరు, మీ అదృష్టం పండినట్టే. ఒమేగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్‌లో ఇప్పటికీ హెసలైట్ అనే యాక్రిలిక్ గ్లాస్‌తో ఒక మోడల్ వస్తుంది. చొక్కా గుండీ తగిలినా గీత పడుతుంది, కానీ గ్లాస్ గీతల్లో ఇంట్లో కూర్చుని పోగొట్టుకోగలిగేది ఇదొక్కటే. పాలీవాచ్ లాంటి యాక్రిలిక్ పేస్ట్ ట్యూబ్ తెచ్చుకోండి. గ్లాస్ చుట్టూ బెజెల్ మీద మాస్కింగ్ టేప్ అంటించండి, ముఖ్యంగా గ్లాసూ బెజెలూ కలిసే సందు దగ్గర. మెత్తటి కాటన్ గుడ్డ వేలికి చుట్టుకుని, ఆవగింజంత పేస్ట్ తీసుకుని, గీతకి అడ్డంగా రెండు మూడు నిమిషాలు ఓపిగ్గా రుద్దండి. మొదట గ్లాస్ మసకబారుతుంది, కంగారు పడకండి. తుడిచి చూడండి, గీత ఇంకా ఉంటే మళ్లీ అదే పని. మూడో విడతకి కూడా లొంగకపోతే అది లోతైన గీత, వదిలేయండి, లేదా గ్లాస్ మార్పించండి.

టూత్‌పేస్ట్ చిట్కా మీ చెవిన పడే ఉంటుంది. అందులో ఉండేది కూడా అరగదీసే పొడే కాబట్టి యాక్రిలిక్ మీద ఎంతో కొంత పనిచేస్తుంది, సఫైర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, నిగనిగలాడే స్టీల్ మీద మాత్రం మసక గీతలు పెడుతుంది. దాన్ని పళ్లకే ఉంచండి.

మెటల్ మీద అయితే

ఒకే కేస్ మీద రెండు రకాల ఫినిష్ ఉంటుంది, ఈ తేడా తెలియకుండా చెయ్యి పెట్టకండి. అద్దంలా మెరిసేది పాలిష్డ్. ఒకే దిక్కుకి సన్నటి చారలు దువ్వినట్టు ఉండేది బ్రష్డ్. ఖరీదైన వాచీ అందం చాలావరకు ఈ రెండూ కలిసే అంచులో ఉంటుంది, కత్తితో కోసినట్టు ఒక సన్నటి గీటు, ఇటు మెరుపు అటు మసక. ఆ అంచు ఒక్కసారి గుండ్రంగా అరిగిందంటే ఎంత మెరిసినా ఆ వాచీలో కళ ఉండదు, సబ్బు బిళ్ల వాడగా వాడగా అరిగినట్టు కనబడుతుంది.

ఇప్పుడు నా కథ. నా వాచీ క్లాస్ప్, అంటే బ్రేస్‌లెట్‌ని (మెటల్ పట్టీని) మణికట్టు కింద మూసే కొక్కెం, బ్రష్డ్. బల్ల మీద చెయ్యి పెట్టి రోజంతా టైప్ చేసేవాళ్లకి మొట్టమొదట పాడయ్యేది క్లాస్పే. నాలుగు నెలల్లో దాని మీద పిల్లి గోళ్లతో గీరినట్టు అయింది. మెటల్ పాలిష్ గుడ్డ ఒకటి తెచ్చి రుద్దాను. ఒక నిమిషంలో గీతలతో పాటు బ్రష్డ్ చారలు కూడా ఎగిరిపోయి, మధ్యలో బట్టతల మీద లైట్ పడ్డట్టు ఒక మెరిసే మచ్చ తేలింది. మచ్చని చుట్టుపక్కలతో కలపాలని ఇంకా రుద్దాను, మచ్చ పెద్దదైంది. కలపాలి కలపాలి అనుకుంటూ సగం క్లాస్ప్‌ని అద్దం చేసి కూర్చున్నాను. చివరికి రిపేర్ చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్తే, చూసి నవ్వి, రెండు నిమిషాల్లో చారలు మళ్లీ వేసిచ్చి, 'క్లాస్ప్ కాబట్టి బతికిపోయారు, ఇదే పని లగ్స్ మీద చేసుంటే మీ ముఖం చూసేవాణ్ని' అన్నాడు. లగ్స్ అంటే కేస్ నుంచి పొడుచుకొచ్చి పట్టీని పట్టుకునే నాలుగు కొమ్ములు.

అందుకే పాలిష్ గుడ్డ పాలిష్డ్ భాగానికే, అదీ వెంట్రుకవాసి గీతలకే, అదీ ఏడాదికి ఒకసారి మించకుండా. చుట్టుపక్కల బ్రష్డ్ భాగం అంతా టేప్ వేసి కప్పకుండా ఆ గుడ్డ సంచిలోంచి కూడా తీయకండి.

బ్రష్డ్ క్లాస్ప్‌ని ఇంట్లో సరిచేసుకోవాలంటే పద్ధతి ఇదీ. బూడిద రంగు సన్నరకం స్కాచ్‌బ్రైట్ లాంటి గరుకు ప్యాడ్ చిన్న ముక్క కోసుకోండి. గిన్నెలు తోమే ఆకుపచ్చ రకం వద్దు, దాని చారలు మరీ మోటుగా పడతాయి. క్లాస్ప్ పక్కంచులు, లోగో ఉన్న చోటు టేప్‌తో కప్పండి. చారలు ఏ దిక్కుకి ఉన్నాయో వెలుతురులో చూసుకుని, ఆ దిక్కుకే, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకే ఊపులో లాగండి. వెనక్కి రుద్దకూడదు, ఎత్తి మళ్లీ మొదటి నుంచి లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. నాలుగైదు లాగుళ్లు లాగి, తుడిచి, చూడండి. గీత పూర్తిగా పోయేదాకా పట్టుబట్టకండి, చారల్లో కలిసిపోతే చాలు. మొదటిసారి పాత స్టీల్ స్పూన్ మీద చేయి తిప్పి నేర్చుకుని తర్వాత వాచీ పట్టుకోండి. ఈ పని క్లాస్ప్ వరకే. కేస్ పక్కలు, లగ్స్, బెజెల్ మీద మీరు చేయొద్దు, నేనూ చేయను.

అసలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. నల్లటి పీవీడీ, డీఎల్‌సీ కోటింగ్ ఉన్నవి పాలిష్ చేస్తే కోటింగ్ పోతుంది. బంగారు పూత వాచీ అయితే పూతే పోతుంది, కింద ఉన్న మెటల్ బయటపడుతుంది. పైపొరని ప్రత్యేకంగా గట్టిపరిచిన టైటానియం కూడా అంతే, పొర దాటి గీత పడిందంటే అది ఉండిపోతుంది. మామూలు టైటానియం చెయ్యి తగిలినంతలో గీరుకుపోయేదే, పైగా దాన్ని సరిగ్గా రీఫినిష్ చేయగలిగినవాళ్లు తక్కువ, దాంతో రాజీ పడటం సుఖం. 18 క్యారెట్ బంగారంలో 75 శాతం బంగారమే, మెత్తన, సులువుగా సొట్ట పడుతుంది, పాలిష్ చేసిన ప్రతిసారీ పోయేది కూడా బంగారమే, లగ్స్ వెనక వేసే హాల్‌మార్క్ ముద్రలు ముందు అరిగేది అందుకే. పాత వాచీ కొనేటప్పుడు ఆ ముద్రలు చూడండి, పదునుగా ఉంటే కేస్ ఎక్కువ అరగలేదని అర్థం.

మా వాచీ 904ఎల్ స్టీల్, గీతలు పడవు అని ఎవరైనా అంటే నమ్మకండి. రోలెక్స్ వాడే ఆ స్టీల్ ప్రత్యేకత తుప్పునీ ఉప్పునీ తట్టుకోవడంలో ఉంది. గీతల విషయంలో మిగతా వాచీల్లో ఎక్కువగా వాడే 316ఎల్ అయినా 904ఎల్ అయినా లాప్‌టాప్ అంచు ముందు ఒకటే.

గీతలకంటే మురికి ప్రమాదం

జనం గీతల గురించి బెంగ పెట్టుకుంటారు, బ్రేస్‌లెట్ సందుల్లో పేరుకున్న నల్లటి జిగురుని పట్టించుకోరు. చెమట, చర్మం పొట్టు, సన్నటి దుమ్ము కలిసి అది అచ్చం గ్రైండింగ్ పేస్టులా తయారవుతుంది. మీరు చెయ్యి కదిపిన ప్రతిసారీ లింకుల మధ్య పిన్నులని కొంచెం కొంచెం అరగదీస్తుంది. కొన్నేళ్లకి బ్రేస్‌లెట్ వదులైపోయి, సాగిపోయిందంటాం. మెటల్ ఏమీ సాగదు, పిన్నులూ వాటి రంధ్రాలూ అరుగుతాయి, అంతే. వాచీని పక్కకి తిప్పి, డయల్ గోడ వైపు చూసేట్టు పట్టుకుని, బ్రేస్‌లెట్‌ని అడ్డంగా గాల్లోకి వదలండి. కొత్తదైతే దాదాపు నేలకి సమాంతరంగా నిలబడుతుంది, అరిగినదైతే తడిసిన తాడులా కిందికి వంగిపోతుంది. పై గీతని దాచొచ్చు, దీన్ని దాచలేం, బాగు చేయడం కూడా పెద్ద పనే.

నెలకి రెండుసార్లు ఐదు నిమిషాలు చాలు. క్రౌన్ (పక్కన టైమ్ మార్చడానికి తిప్పే బుడిపె) పూర్తిగా బిగించి ఉందో లేదో చూసుకుని, వాచీకి నీళ్లు తట్టుకునే శక్తి ఉందని ఖాయం చేసుకుని, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్. లింకుల మధ్య, లగ్స్ సందుల్లో, క్లాస్ప్ లోపల తోమండి. వేడినీళ్లు వద్దు, గ్యాస్కెట్లకి మంచిది కాదు. పాత వాచీ అయితే, లేదా ప్రెషర్ టెస్ట్ చేయించి చాలా ఏళ్లయితే, బ్రేస్‌లెట్ ఊడదీసి దాన్ని మాత్రమే కడగండి, కేస్‌ని కొంచెం తడి గుడ్డతో తుడవండి. ఇంకో మాట, పొడి గుడ్డతో దుమ్ము పట్టిన వాచీని తుడవకండి. ఆ దుమ్ములో ఉండే ఇసుక రేణువులు స్టీల్ కంటే గట్టివి, తుడిచిన ప్రతిసారీ మీరే సన్న గీతలు గీస్తున్నట్టు. ముందు కడగండి, ఆ తర్వాతే తుడవండి.

కొత్త వాచీ మీద వచ్చే ప్లాస్టిక్ పొర సంగతి: తీసేయండి. దాని కింద చెమట నిలిచి మరకలు పడతాయి, గీతలే నయం అనిపిస్తాయి. క్లాస్ప్ మీద పారదర్శకమైన రక్షణ ఫిల్మ్‌లు వేసుకునేవాళ్లున్నారు, వేసుకుంటే వేసుకోండి, అప్పుడప్పుడు తీసి కింద తుడుస్తూ ఉండండి. నాకు మాత్రం సోఫా మీద ప్లాస్టిక్ కవర్ తీయకుండా కూర్చున్నట్టు ఉంటుంది.

అలవాట్లలో మార్చుకోవాల్సినవి పెద్దగా లేవు. వాచీ మణికట్టు ఎముక మీదికి జారిపోయేంత వదులుగా ఉంటే అది తలుపులకీ బల్లలకీ ఎక్కువ తగులుతుంది, ఒక లింకు తీయించండి. లాప్‌టాప్ ముందు గంటలకొద్దీ కూర్చునేటప్పుడు తీసి గుడ్డ మీద పెట్టండి. విమానాశ్రయంలో సెక్యూరిటీ ట్రేలో తాళాలతో కలిపి పడేయకుండా బ్యాగ్ లోపలి జేబులో పెట్టండి. వాచీ ఉన్న చేతికే ఇంకో మెటల్ బ్రేస్‌లెట్ ఏదైనా వేసుకుంటే మాత్రం గీతల గురించి ఏడవకండి.

లగ్స్ మీద లోతైన గీతలు చాలావరకు పెట్టుకోవడం వల్ల పడవు, స్ట్రాప్ మార్చేటప్పుడు పడతాయి. లగ్స్ మధ్య స్ట్రాప్‌ని పట్టి ఉంచే స్ప్రింగ్ బార్‌ని తీసే టూల్ జారిందంటే ఒక్క దెబ్బకి లగ్ అంచు పోతుంది. మార్చేముందు లగ్స్ లోపలా వెనకా టేప్ వేయండి, వాచీని మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టండి, బార్ భుజాన్ని టూల్‌తో లోపలికి నొక్కాలే గానీ సందులో పెట్టి పెకలించకూడదు. స్ప్రింగ్ ఎగిరి సోఫా కింద దూరకుండా వేలు అడ్డం పెట్టుకోండి. నిద్రమత్తులో, తొందరలో ఈ పని చేయొద్దు.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు

ఇక్కడ నోరు విప్పకపోతే నష్టపోతారు. చాలా చోట్ల పూర్తి సర్వీసు అంటే పాలిష్ కూడా అందులో భాగమే, మీరు వద్దనకపోతే చేసేస్తారు, మంచి చేశామనే అనుకుంటారు. నా పాత వాచీ ఒకటి ఇలాగే ఒక సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను, మెషిన్ శుభ్రం చేయమని. తిరిగొచ్చాక కొత్తదానిలా తళతళలాడింది, ఇంటికొచ్చి చూస్తే లగ్స్ అంచు మీద ఉండే సన్నటి వాలు చెక్కడం లేదు, నాలుగూ గుండ్రంగా అయిపోయాయి. అడిగితే, 'ఫ్రీగా చేశాం కదండీ' అన్నారు. పాత వాచీలు కొనేవాళ్లు గీతలున్నా సరే పాలిష్ కాని కేస్‌కే ఎక్కువ ఇస్తారని వాళ్లకి తెలియదా అంటే తెలుసు, మనం చెప్పలేదంతే.

లోతైన సొట్టలు, గోరు ఆగిపోయే గీతలు నిజంగా బాధపెడుతుంటే లేజర్ వెల్డింగ్ అనే దారి ఉంది. అదే రకం మెటల్ చుక్కని గుంటలో నింపి, తర్వాత ఆ భాగాన్ని మళ్లీ ఫినిష్ చేస్తారు. మెటల్ తీయకుండా కలిపే పద్ధతి ఇదే. అందరి దగ్గరా ఉండదు, చవకా కాదు, చేసేవాడి చెయ్యి మంచిదైతేనే పెట్టుకోవాలి. ముందు చేసిన వాచీల ఫోటోలు చూపించమనండి, ముందూ తర్వాతా రెండూ, లగ్స్ దగ్గర నుంచి తీసినవి.

వాచీ ఇచ్చేరోజు ఫోన్‌లో నాలుగు లగ్స్, రెండు పక్కలు, క్లాస్ప్, వెనక మూత విడివిడిగా, కిటికీ వెలుతురులో ఫోటోలు తీసుకోండి. రసీదు మీద వాళ్ల చేత్తోనే 'కేస్, బ్రేస్‌లెట్ పాలిష్ చేయవద్దు' అని రాయించుకోండి, నోటిమాట వర్క్‌షాప్ దాకా చేరదు. తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే, భూతద్దం ఉంటే దాంతో, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి, ఆ ఫోటోలు పక్కన పెట్టుకుని లగ్స్ అంచులు చూడండి. నాకు నా పాత గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇప్పుడు కంఠతా వచ్చు, పోయినసారి కౌంటర్ దగ్గర క్లాస్ప్ తిప్పి వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటుంటే ఆ అమ్మాయి ఏదో పోయిందనుకుని భయపడింది.